బోర్లించి చూడు

గుణుపురం బస్టాండు వెనక
టీ కొట్టుకీ పంచర్ల షాపుకీ మధ్య సందులో
మా అయ్య కూర్చున్న గోనె మీదే నేనూ కూర్చున్నాను.
చెప్పులు, బడిపిల్లల సంచీలు, ఎద్దుల మెడపట్టీలు.
తుపాకీ ఒరలు ఏడాదికి రెండో మూడో.

మొదట వచ్చినవాడు కంకర కాంట్రాక్టరు
పొట్నూరు జగన్నాయకులు.
కొత్త లైసెన్సు. కాగితం మడత ఇంకా నలగలేదు.
"పిడి కనబడాలి," అన్నాడు,
"సంతలో పదడుగుల నుంచి కనబడాలి.
ఇత్తడి పువ్వొకటి కొట్టు. మూతా గీతా వద్దు.
చెయ్యి వెయ్యగానే వచ్చీయాలి."
"ఎవరి చెయ్యి బాబూ?" అన్నాను.
"నీ చేతికి వచ్చీసేది పక్కోడి చేతికీ వచ్చీస్తాది.
తోలుకి మనిషి ఆనవాలు తెలీదు."
బరంపురంలో రెడీమేడు దొరుకుతుందిలే అని
బండి స్టార్టు చేశాడు.

తరవాత కానిస్టేబులు సుమతి సబర.
పుట్టాసింగి వైపు కొండమీది పిల్ల.
తెలుగు సగం, ఒడియా సగం, కోపమొస్తే సవర.
పాత ఒర నా ముందు పడేసింది.
గుండీ కన్నం సాగిపోయి
ముసలావు చెవిలా వేలాడుతోంది మూత.
"బస్సులో నిలబడి పోతానక్కా డ్యూటీకి.
ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో ఇది.
టికెట్టు డబ్బులు తీయడానికి మూడో చెయ్యేదీ?"

పిస్తోలు నా దగ్గర వదల్లేదు. వదలకూడదు కూడా.
గుళ్లు తీసి, తీసినట్టు నాకు రెండుసార్లు చూపించి
తన కళ్లముందే కొలతలు తీయించింది.
ఆ కొలతకి గుమ్ముడుటేకులో బొమ్మ చెక్కాను.
గేదె తోలు రాత్రంతా బకెట్లో నానింది.
పొద్దున్న బొమ్మకి చుట్టి
పర్లాకిమిడి కొమ్ముముక్కతో రుద్ది రుద్ది
ప్రతి మెట్టూ ప్రతి గుంటా తోలుకి నేర్పాను.
మీట దగ్గర రెండు పొరలు.
వేలు దూరే సందు ఎక్కడా ఉంచలేదు,
చంటిపిల్ల చిటికెనవేలికి కూడా.

మా చిన్నోడు ఆ బొమ్మ పట్టుకుని
టీ కొట్టువాడి మీద "ఢాం" అన్నాడు.
నెత్తిన మొట్టి లాక్కున్నాను.
ఎందుకు మొట్టావమ్మా అంటే
చెప్పడానికి మాట దొరకలేదు.

ఆరిన ఒరలో బొమ్మ పెట్టి ఆమె నడుముకి కట్టాను.
బోర్లించి చూడు. కుదిపి చూడు.
సైకిలెక్కు, దిగు. మెట్ల మీద పరిగెత్తు.
చెప్పు పట్టీ పెట్టుకోడానికి వంగు.
ఇప్పుడు వెనక నుంచి నన్ను లాగనీ.
కాలు గోడకి తన్నిపెట్టి లాగాను,
టీ కొట్టు మొత్తం నవ్వింది.
రాలేదు.
ఆమె బొటనవేలితో పట్టీ లోపలికి నొక్కి
మెల్లగా పైకి తీసింది, కొబ్బరి చిప్పలోంచి ముక్క తీసినట్టు.

చైత్రంలో జాతర డ్యూటీ పడింది.
నెల పోయాక వచ్చి, "గుండీ మార్చాలక్కా," అంది.
ఇత్తడి గుండీ బయటికి వంగిపోయి ఉంది.
పట్టీ అంచు మీద నాలుగు గోళ్ల గాట్లు.
తోలు ఉబ్బింది. కుట్టు తెగలేదు.
"ఎవరు?"
"తాగున్నాడు. పంతొమ్మిదేళ్లుంటాయేమో.
ఎందుకు చెయ్యేశాడో వాడికే తెలీదు.
తరవాత నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు."
పేపర్లో ఏమీ రాలేదు.
ఏమైనా జరిగితే కదా.
కొత్త గుండీకి పద్దెనిమిది రూపాయలు తీసుకున్నాను.
వంగిన గుండీ మేకుల డబ్బాలో ఉంది,
వెతికేటప్పుడల్లా వేలికి గుచ్చుకుంటుంది.

మొన్న సంతలో జగన్నాయకులు కనబడ్డాడు.
పిడి మెరుస్తోంది, పదడుగులేంటి, ఇరవై అడుగుల నుంచి.
జనం తోసుకుంటున్నారు.
నిమ్మకాయలు ఏరుతున్నాడు ఎడమచేత్తో.
కుడిచెయ్యి నడుము మీంచి కదల్లేదు.
కాయ ఒకటి జారి మురుక్కాలవ వైపు దొర్లింది.
ఆయన వంగలేదు.
నేనే తీసి ఇచ్చాను.
ఎడమచేత్తోనే పుచ్చుకుని
"ఏమనుకోకమ్మా," అన్నాడు.